డివైడర్ ఎక్కిన కారు: అలైన్‌మెంట్ కాగితం చెప్పేది, దాచేది

(రోడ్డు భద్రత మాసోత్సవాల్లో భాగంగా తిరుపతిలో టాక్సీ డ్రైవర్లకూ సొంత కార్ల వాళ్లకూ ఒక సస్పెన్షన్ మెకానిక్ చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నోళ్లకు వినపడతా ఉందా? సరే.

ఈ బల్ల మీద ఉండేవి చూడండి. రెండు లోయర్ ఆర్ములు, అంటే చక్రాన్ని కింది పక్క బండికి కలిపి పట్టుకునే ఇనుప చేతులు. ఒకే మోడల్ కారువి, రెండూ ఎడమ పక్కవే. ఒకటి కొత్తది, ఇంకోటి డివైడర్ ఎక్కిన బండి నుంచి విప్పింది. ఏది ఏదో చెప్పండి. మట్టి చూసి చెబుదామనుకోవద్దన్నా, రెండూ కడిగే తెచ్చినా. చేతికిస్తా, అటు పంపండి.

ఊ... చానామంది తప్పు చెప్పినారు. ఇప్పుడు రెండింటినీ బోర్లా పెడతా. ఇది కదలకుండా కూర్చుంది. ఇది చూడండి, వేలితో నొక్కితే టకటకా ఊగుతా ఉంది. ఈ మూల కింద ఓ బస్సు టికెట్టు మడిచి దూర్చేంత సందు. అంతే వంపు. ఈ బండి ఓనరు నాకు చెప్పిన మాట: "అలైన్‌మెంట్ చేయించేసినా అన్నా, అంతా పచ్చగా వచ్చింది, అయినా ముందు టైరు లోపలంచు అరిగిపోతా ఉంది." అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు మిషన్ మీద కొలిచి సర్దడం, లెక్క సరిపోతే స్క్రీన్ మీద పచ్చగా వస్తుంది. ఆయన అబద్ధం చెప్పలా. కాగితం కూడా అబద్ధం చెప్పలా. ఈ రెంటికీ మధ్యలో ఏమైందనేదే నేను ఇవాళ చెప్పాలనుకునేది.

డివైడర్‌ను గుద్దడం అంటే అన్నీ ఒకటే కాదు. ఏ పక్క నుంచి తగిలిందో తెలిస్తే ఏది వంగి ఉంటుందో సగం తెలిసిపోతుంది. సందులో పార్కింగ్ చేస్తా రాయికి ఒరుసుకున్నారనుకోండి, రిమ్ముకు గీతలు పడతాయి, టైరు పక్క గోడ చెక్కుకుపోతుంది. చెక్కుకుపోయిన చోట లోపల దారాలు కనపడకపోతే, వాల్వు బాగుంటే, దాన్ని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. వదిలేద్దాం.

రెండోది ఎదురుగా ఎక్కడం. రాత్రి పూట రేణిగుంట రోడ్డులో ఎదురు లైట్లు కళ్లల్లో పడి, డివైడర్ మొదలయ్యే మూల కనపడక ఎక్కించేస్తారు. అప్పుడు తాకిడి చక్రాన్ని వెనక్కి, పైకి తోస్తుంది. టైరు రాయికీ రిమ్ముకూ మధ్య నలుగుతుంది. రిమ్ము వంగుతుంది, లోయర్ ఆర్ము వెనక బుష్, అంటే రబ్బరు కీలు, చిరుగుతుంది, షాకబ్జర్ పై మౌంటింగ్ దెబ్బ తింటుంది, గట్టిగా తగిలితే ఆర్ము బిగించిన అడ్డ ఇనుప దూలం, క్రాస్‌మెంబరే, జరుగుతుంది.

మూడోది పక్కకు జారి కొట్టడం. వానలో బ్రేకు తొక్కితే బండి తిరిగి, చక్రం అడ్డంగా పోయి రాయికి తగులుతుంది. నన్నడిగితే ఇదే అన్నిట్లోకీ చెడ్డది. కారు చక్రాలు పైకీ కిందికీ ఆడటానికి స్ప్రింగులున్నాయి, పక్కకు ఆడటానికి ఏమీ లేదు. ఆ దెబ్బంతా స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే టై రాడ్, చక్రాన్ని మోసే నకిల్, చక్రం తిరిగే హబ్ బేరింగ్, స్టబ్ యాక్సిల్ అనే పొట్టి ఇరుసు నేరుగా తింటాయి. వేగం తక్కువే కదా అంటారు. ఇరవైలో జారినా, పక్కదెబ్బకు టై రాడ్ వంగడానికి అది చాలు.

గుద్దిన వెంటనే ఏం చేయాలి? హజార్డ్ లైట్లు వేసి, మిగతా బండ్లకు అడ్డం లేని చోట ఆపండి. దిగి ముందు దూరంగా నిలబడి బండిని చూడండి. టైరు దగ్గర కూర్చోబాకండి, దూరంగా. తగిలిన చక్రం ఆర్చిలో మధ్యలో ఉందా, వెనక్కో ముందుకో జరిగిందా? అవతలి పక్క చక్రంతో పోల్చండి. చక్రం పైభాగం బయటికో లోపలికో వాలినట్టు కంటికి తెలుస్తా ఉంటే, ఇంక ఒక్క అడుగు నడపొద్దు. ప్లాట్‌ఫారం ఉండే టోయింగ్ బండి మీదే పోవాలి, ముందు చక్రాలెత్తి ఈడ్చుకుపోయే రకంలో కాదు.

కంటికి బాగానే ఉంటే కిందికి వంగి నూనె కారతా ఉందేమో చూడండి. ముందు చక్రాలకు లాగుడుండే కార్లలో యాక్సిల్ ఒక కొస చక్రంలో, రెండో కొస గేర్‌బాక్సులో ఉంటుంది. పక్కదెబ్బకు చక్రం లోపలికి తోసుకుపోతే ఆ యాక్సిల్ గేర్‌బాక్సు వైపు తోసుకుపోతుంది, లేదంటే బయటికి లాక్కుంటుంది. ఆయిల్ సీల్ దగ్గర గేర్ ఆయిల్ కారుతుంది. దానితోనే నడిపితే చెడిపోయేది గేర్‌బాక్సు. రిమ్ము లోపలి ముఖం మీద నల్లగా గ్రీజు చిమ్మి ఉంటే యాక్సిల్ బూట్, అంటే యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు, చిరిగినట్టు. బూట్ ఒక్కటే అయితే చిన్న ఖర్చు. ఆ చిరుగులోంచి దుమ్ము పోయి, మలుపుల్లో టకటకమని మోత మొదలయ్యేదాకా ఉంచుకున్నారంటే జాయింటే మార్చాలి.

ఇవేవీ లేకపోతే ఖాళీ రోడ్డులో ఇరవైలో పోతా స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టండి. ఒక పక్కకు లాగతా ఉందా? నేరుగా పోయేటప్పుడు స్టీరింగ్ వంకరగా ఉందా? నిన్నటిదాకా నేరుగా ఉన్న స్టీరింగ్ ఇవాళ వంకర తిరిగిందంటే ఏదో ఒకటి వంగింది, లేదా జరిగింది. దీనికి మినహాయింపు లేదు. కొందరు స్టీరింగ్ చక్రం ఊడదీసి ఒక పన్ను తిప్పి మళ్లీ బిగిస్తారు. స్టీరింగ్ నేరుగా కనపడుతుంది, చక్రాలు మాత్రం వంకరగానే ఉంటాయి. అట్లా చేసే చోటుకు మళ్లీ పోబాకండి.

కొండ ట్రిప్పులేసే వాళ్లకు ఒక మాట. గుద్దిన బండితో అలిపిరి దాటొద్దు. పైకి పోయేది 1974లో వచ్చిన రెండో ఘాట్ మీద, అది ఇంజన్‌కు పని. కిందికి వచ్చేది 1944 నాటి పాత ఘాట్ మీద, అది సస్పెన్షన్‌కూ బ్రేకులకూ పని. దిగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, మలుపులో బయటి పక్క ముందు చక్రం మీదికి చేరుతుంది, దాని మీద బ్రేకు. వంగిన ఆర్ము, చిరిగిన బుష్, ఉబ్బిన టైరు, వీటికి అంతకంటే కష్టమైన రోడ్డు మన చుట్టుపక్కల లేదు. బాకరాపేట ఘాట్‌కూ ఇదే మాట. ఎక్కేటప్పుడు ఏ మోతా రాలేదని ధైర్యపడొద్దు.

టైరు సంగతి. రేడియల్ టైరు పక్క గోడలో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా పోతాయి. రాయికీ రిమ్ముకూ మధ్య నలిగినప్పుడు అవి తెగుతాయి. పైన రబ్బరు మాత్రం బాగానే కనపడుతుంది. గాలి ఆ తెగిన చోట బయటికి తోస్తే బుడిపె లేస్తుంది. అది వెంటనే లేవొచ్చు, రెండు మూడు రోజులకూ లేవొచ్చు. కాబట్టి గుద్దిన రోజు చూసి వదిలేయకుండా వారం పాటు రోజూ పొద్దున బండి తీసే ముందు అరచేత్తో పక్క గోడ చుట్టూ నిమరండి. లోపలి పక్క కూడా. ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోండి: పక్క గోడ మీద పైనుంచి కిందికి సన్నగా లోపలికి అణిగిన గీత లాంటిది కొన్ని కొత్త టైర్లకే ఉంటుంది. లోపల పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకు అది. దాంతో ప్రమాదం లేదు. బయటికి ఉబ్బితేనే ప్రమాదం. ఉబ్బిన టైరుకు ప్యాచ్ లేదు, వల్కనైజింగ్ లేదు, స్టెప్నీగా దాచుకోవడం కూడా వద్దు. అవసరపడేది రాత్రి పూట, ఫ్యామిలీ బండిలో ఉన్నప్పుడే.

గాలి తక్కువున్న టైరు తొందరగా నలుగుతుంది. టైరు సైజులో మధ్య అంకె చూడండి, 65 ఉందా, 50 ఉందా అని. అది తగ్గేకొద్దీ రాయికీ రిమ్ముకూ మధ్య మెత్త తగ్గుతుంది. అందం కోసం పెద్ద రిమ్ములు వేయించుకున్న కుర్రోళ్లు ఇది ఆలోచించుకోవాలి.

రిమ్ముకు దెబ్బ ఎక్కువ లోపలంచుకు తగులుతుంది. అది బయటికి కనపడదు. చక్రం విప్పి వెనక్కి తిప్పి చూడాలి. ఇనుప రిమ్ము వంగుతుంది, అల్లాయ్ రిమ్ము వంగుతుంది లేదా చీలుతుంది. సబ్బు నీళ్లు పూసి చూస్తే చీలిక ఉన్న చోట బుడగలు వస్తాయి. వారానికి నాలుగైదు పాయింట్లు గాలి తగ్గతా ఉందని పంక్చర్ షాపు చుట్టూ తిరిగే వాళ్లలో కొందరి జబ్బు టైరులో ఉండదు, ఈ అంచులో ఉంటుంది.

ఇప్పుడు జాకీ మీద బండి. దయచేసి ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు కనపడిందా, బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే లూజు ఉందా, టై రాడ్ ఎండ్ గానీ లోపలి ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడును టై రాడ్లకు చేర్చే కడ్డీ) ఎండ్ గానీ. తరువాత స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పండి. ఒకచోట మాత్రం గట్టిగా అయి మళ్లీ వదులైతే ర్యాక్ రాడ్డే వంగి ఉండొచ్చు. టై రాడ్ వంపు కంటికి తెలియకపోతే, చక్రాలు నేరుగా పెట్టి రెండు పక్కలా లాక్ నట్టు వెనకాల ఎన్ని మరలు బయటికి కనపడతా ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక పక్కకూ రెండో పక్కకూ చాలా తేడా ఉందంటే, ఒకరెవరో వంపును మరలతో సర్ది కప్పెట్టినారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష పనికొస్తుంది.

బేరింగ్ విషయంలో ఓపిక కావాలి. గట్టి దెబ్బకు లోపలి గుండ్లు అవి తిరిగే గాడిలో సన్న గుంటలు పెడతాయి. ఆ రోజు ఏ మోతా ఉండదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, నలభై, యాభై వేగంలో విమానం దూరంగా పోతున్నట్టు గూ అని మొదలవుతుంది. ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగితే కుడి పక్క బేరింగ్‌ను అనుమానించండి, బరువు అటు పడుతుంది కాబట్టి. జాకీ మీద చక్రం తిప్పతా రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద పెట్టి చూడండి. చెవికి తెలియని గరగర వేళ్లకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తా. అలైన్‌మెంట్.

చాలా చోట్ల జరిగేది ఇది. బండి ఎక్కిస్తారు, నాలుగు చక్రాలకూ టార్గెట్లు, అంటే కొలత పలకలు, తగిలిస్తారు, స్క్రీన్ మీద ఎర్రగా ఉన్నవి కనపడతాయి, కుర్రోడు స్పానరు తీసుకుని టై రాడ్లు తిప్పి ఎర్రవి పచ్చ చేస్తాడు, ప్రింటు ఇస్తాడు. జ్వరం ఉన్నోడి దగ్గర థర్మామీటరు విదిలించి పాదరసం కిందికి దించినట్టు. ఆ మిషన్ కొలిచే సాధనం. వంగిన ఇనుము దాంతో బాగుపడదు.

మన కార్లలో ముందు చక్రాలకు సర్దుబాటు ఉండేది ముఖ్యంగా టో ఒక్కటే, అంటే చక్రాల మూతి లోపలికో బయటికో తిరిగి ఉండటం. క్యాంబర్, అంటే చక్రం నిలువు వాలు, చాలా కార్లలో సర్దుబాటుకు ఉండదు. షాకబ్జర్ బోల్టుల సందులో ఏదో కాస్త జరుగుతుంది, అంతే. కాబట్టి సర్దలేనిది లెక్క తప్పిందంటే వంపు ఎక్కడుందో మిషన్ మనకు చెప్పతా ఉందన్నమాట. ఎడమకూ కుడికీ క్యాంబర్ తేడా అర డిగ్రీ దాటిందంటే, ప్రింటులో 30 నిమిషాలంటే అర డిగ్రీ, టై రాడ్ ముట్టుకోకముందే ఆగి ఎందుకని అడగాలి.

ఇంకో అంకె ఉంటుంది, ఎస్.ఎ.ఐ. అని. స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు. చాలా మంది ఆ కొలత తీయనే తీయరు, స్టీరింగ్ రెండు పక్కలా తిప్పాలి, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కానీ డివైడర్ గుద్దిన బండికి అదే ప్రాణం. ఎస్.ఎ.ఐ. సరిగ్గా ఉండి క్యాంబర్ తప్పితే, వంగింది నకిల్ గానీ షాకబ్జర్ గానీ. ఎస్.ఎ.ఐ. కూడా తప్పి, ఆ రెంటినీ కూడితే వచ్చే మొత్తం మాత్రం మంచి పక్కతో సమానంగా ఉంటే, నకిల్ బాగుంది, లోయర్ ఆర్ము వంగింది, లేదా క్రాస్‌మెంబర్ జరిగింది. ఇందాక బల్ల మీద ఊగిన ఆర్ము అట్లా దొరికిందే. దాని కొస ఉన్నచోట నుంచి జరిగింది, చక్రం వాలు మారింది, దాంతో టో కూడా తప్పింది. అలైన్‌మెంట్ షాపు పిల్లోడు టో పచ్చ చేసినాడు. వంపు వంపుగానే ఉండిపోయింది. బండి బరువు పడినప్పుడు, కొండ మలుపుల్లో చక్రం ఆడినప్పుడు, ఆ టో ఉన్నచోట ఉండదు. లోపలంచు అరుగుతుంది.

కాబట్టి మీరు షాపులో అడగాల్సింది "పచ్చగా వచ్చిందా" అని కాదు. ముట్టుకోకముందు తీసిన కొలతల ప్రింటు అడగండి. అది దాచుకోండి. తరువాతి ప్రింటు కంటే అదే విలువైంది.

వెనక చక్రాల గురించి ఎవరూ అడగరు, అక్కడే పెద్ద మోసం. మన చిన్న కార్లలో చానా వాటికి వెనకాల ఒకటే అడ్డ దూలం ఉంటుంది, దానికి రెండు పక్కలా స్టబ్ యాక్సిళ్లు. వానలో వెనక భాగం జారి డివైడర్‌కు తగిలితే ఆ స్టబ్ యాక్సిల్ గానీ దూలం గానీ వంగుతుంది. వెనక చక్రం మూతి పక్కకు తిరుగుతుంది. అప్పుడు వెనక చక్రాలు బండిని కోణంగా తోస్తాయి. నేరుగా పోవాలంటే డ్రైవరు స్టీరింగ్ కాస్త తిప్పి పట్టుకోవాలి. "స్టీరింగ్ వంకరగా ఉంది" అని షాపుకు పోతే, ముందు టై రాడ్లు తిప్పి స్టీరింగ్ నేరుగా చేసి పంపుతారు. బండి రోడ్డు మీద అడ్డంగా పోతానే ఉంటుంది, వెనకాల వచ్చే డ్రైవరుకు తెలుస్తుంది, లోపల కూర్చున్నోడికి తెలియదు. ప్రింటులో థ్రస్ట్ యాంగిల్, అంటే వెనక చక్రాలు బండిని తోసే కోణం, అని ఒక గీత ఉంటుంది, అది చూడండి. ఈ దూలానికి చాలా కార్లలో సర్దుబాటు లేదు. స్టబ్ యాక్సిల్ బోల్టులతో బిగించిందైతే అది ఒక్కటి మార్చొచ్చు, దూలంతో కలిసి ఉంటే దూలమే మార్చాలి.

ఇంట్లో ఒక టేపుతో కూడా కొంత పట్టుకోవచ్చు. చదునైన నేల మీద బండి పెట్టి, స్టీరింగ్ నేరుగా ఉంచి, ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు పక్కలా కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్లు టేపు పట్టడంలోనే పోవచ్చు. సెంటీమీటరు దాటితే ఏదో జరిగింది.

బొలెరోలు, టెంపో ట్రావెలర్లు తిప్పే అన్నలు ఉన్నారు. కాణిపాకం, శ్రీపురం, తిరువణ్ణామలై ప్యాకేజీలు ఎక్కువ మీవే. మీ బండ్లకు వెనకాల గట్టి హౌసింగ్, లోపల యాక్సిల్ షాఫ్టు. పక్కదెబ్బకు షాఫ్టు ఫ్లాంజి వంగితే చక్రం తిరిగేటప్పుడు పక్కకు ఆడుతుంది. డయల్ గేజ్ పెట్టి చూడాలి, కంటితో నమ్మొద్దు. ఆయిల్ సీల్ పోతే గేర్ ఆయిల్ డ్రమ్ములోకి దిగి బ్రేకు లైనర్లను తడిపేస్తుంది, ఆ పక్క బ్రేకు పట్టదు. పట్టీ స్ప్రింగులున్న బండ్లలో వాటిని హౌసింగ్‌కు బిగించే యూ బోల్టులు, సెంటర్ బోల్టు చూడండి. సెంటర్ బోల్టు తెగితే హౌసింగ్ ఒక పక్క వెనక్కి జరిగి కూర్చుంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక డ్రైవరు: ఆర్ము వంపు కాల్చి తీసేస్తామంటారు. సగం డబ్బుకు అవుతుంది. పరవాలేదా అన్నా?)

వద్దు సామీ. ఆర్ము, నకిల్, టై రాడ్, ఈ మూడింటి మీదా నిప్పు పెట్టొద్దు. కాల్చితే ఇనుము లోపలి గట్టిదనం పోతుంది. పైకి నేరుగా కనపడుతుంది, ఇంకోసారి తగిలినప్పుడు ముందుకంటే తొందరగా వంగుతుంది, లేదా విరుగుతుంది. ఇనుప రిమ్ముకు చిన్న వంపు ఉంటే చల్లగానే ప్రెస్ మీద తీయించుకోవచ్చు. అల్లాయ్ రిమ్ము చీలితే వెల్డింగ్ వద్దు, మార్చేయండి.

(ఒక మహిళ: ఇన్సూరెన్స్‌లో వస్తుందా అండీ?)

వస్తుందమ్మా, ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి దెబ్బకు కవరు, ఉంటే. విప్పకముందే కంపెనీకి చెప్పాలి, సర్వేయరు చూడాలి. ఇందాక చెప్పిన మొదటి ప్రింటు అక్కడ పనికొస్తుంది, వంపు కంటికి కనపడదు కాబట్టి. టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీలో రాదు. బండికి కూడా దెబ్బ తగిలి ఉంటే టైరు ధరలో సగం దాకా ఇస్తారు. 1500 సి.సి. లోపు సొంత కారుకు 1,000, దాటితే 2,000 రూపాయలు ప్రతి క్లెయిముకూ మీరే పెట్టుకోవాలి. క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది 20 శాతం నుంచి 50 శాతం దాకా ఉంటుంది. ఒక్క టై రాడ్ కోసం 50 శాతం పోగొట్టుకోవడం దండగ. లెక్క వేసుకుని చేయండి. ఇంకోటి, నూనె కారతా ఉంటే నడపొద్దన్నాను కదా. దెబ్బ తిన్నాక నడపడం వల్ల గేర్‌బాక్సు పోతే దానికి డబ్బులు రావడం కష్టం.

(ఇంకొకరు: ఒక పక్కే తగిలితే రెండు పక్కలా మార్చమంటారు, నిజమేనా?)

ఆర్ము, టై రాడ్, బేరింగ్ తగిలిన పక్కే చాలు. షాకబ్జర్లు బాగా పాతవైతే జత మార్చుకోండి, లేకపోతే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా అవుతుంది. టైరు, రెండో పక్కది సగం దాకా అరిగి ఉంటే జతే మంచిది. కొత్త ఆర్ము వేసినప్పుడు ఒకటి కనిపెట్టి చూడండి: బుష్ బోల్టులు జాకీ మీద చక్రం వేలాడతా ఉన్నప్పుడు చివరి బిగువు ఇచ్చేస్తారు. అట్లా కాదు. బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే ఇవ్వాలి, లేకపోతే ఆ రబ్బరు ఎప్పుడూ మెలికపడే ఉండి కొన్ని నెలలకే చిరుగుతుంది. అన్నీ బిగించినాకే అలైన్‌మెంట్‌కు పంపండి, వెనక చక్రాల కొలతలు కూడా తీయమని చెప్పండి.